విజిల్ రెఫరీ చేతిలో ఉంది, మరి రెఫరీ ఎవరి చేతిలో?

క్లుప్తంగా: ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో వీడియో రెఫరీ పద్ధతి, అంటే వీఏఆర్, వచ్చాక కరెక్ట్ నిర్ణయాలు పెరిగాయి, గొడవలు మాత్రం తగ్గలేదు. దీనికి మూడు కారణాలు కనిపిస్తున్నాయి. ‘స్పష్టమైన తప్పు’ అనే మాటకి కొలత లేదు. మైదానంలో ఉండేవాళ్ళూ వీడియో రూమ్‌లో ఉండేవాళ్ళూ ఒకే గుంపు. ఆ గుంపుకి జీతాలిచ్చేది, తీర్పు ఎవరి మీద చెప్పాలో ఆ క్లబ్బుల లీగే. స్పెయిన్, ఇటలీలో ఇదే తిరకాసు ఇంకా ముదిరింది. మన ఇండియన్ సూపర్ లీగ్‌లో, అంటే ఐఎస్ఎల్‌లో అయితే అసలు వీడియోనే లేదు.

ఒప్పైన గోల్, పోయిన గోల్

2023 సెప్టెంబర్ 30, శనివారం సాయంత్రం, లండన్‌లో టాటెన్‌హామ్ మైదానం. లివర్‌పూల్ అప్పటికే ఒక రెడ్ కార్డ్ తిని పది మందితో ఆడుతోంది, స్కోర్ 0-0. 34వ నిమిషంలో సలా ఇచ్చిన పాస్ అందుకుని లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు, వెంటనే లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్ అన్నారు, అంటే పాస్ ఇచ్చే క్షణానికే డియాజ్ ఎదుటి డిఫెండర్లని దాటి ముందున్నాడని. రీప్లే చూస్తే టాటెన్‌హామ్ డిఫెండర్ రొమేరో కాలు డియాజ్‌ని ఆన్‌సైడ్‌లో ఉంచుతోందని మామూలు కంటికే తెలిసిపోయేలా ఉంది. అంటే ఇది గోల్.

వీఏఆర్‌గా, అంటే వీడియో చూసే రెఫరీగా ఉన్న డారెన్ ఇంగ్లండ్‌కి కూడా అది గోల్ అనే అర్థమైంది, ఇక్కడే అసలు విషయం ఉంది. లండన్ పశ్చిమాన స్టాక్లీ పార్క్‌లో ఉన్న వీడియో రూమ్‌లో కూర్చుని ఆయన ఫ్రేమ్ ఆపించాడు, లైన్ గీయించాడు, ఆన్‌సైడ్ అని కరెక్ట్‌గానే తేల్చాడు. కాకపోతే మైదానంలో రెఫరీ ఇచ్చిన నిర్ణయం ఏంటో ఆ హడావిడిలో మర్చిపోయాడు, రెఫరీ గోల్ ఇచ్చేసాడనుకుని ‘చెక్ కంప్లీట్’ అన్నాడు, అంటే మీరిచ్చిందే కరెక్ట్ అని. మైదానంలో ఉన్న సైమన్ హూపర్ చెవిలో ఆ మాట పడింది, ఆయన ఇచ్చింది ఆఫ్‌సైడ్ కాబట్టి ఆఫ్‌సైడే ఖాయం అనుకుని ఫ్రీకిక్‌తో ఆట మొదలుపెట్టించాడు.

ఆ తర్వాత కొన్ని సెకన్లకే రీప్లేలు నడిపే టెక్నీషియన్ గుర్తుపట్టాడు, మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్ కదా, దీంతో మీరు ఓకేనా అని అడిగాడు. రూమ్ ఒక్కసారిగా ఉలిక్కిపడింది. ఆట ఆపమని పైనుంచి ఇంకొకరు చెప్పించారు. అయితే ఆట ఒకసారి మళ్ళీ మొదలయ్యాక పాత నిర్ణయం మార్చడానికి వీల్లేదని రూల్ ఉంది, దాంతో ఇక చేయగలిగిందేమీ లేదని వీఏఆర్ వదిలేసాడు. రెండు నిమిషాల్లో సన్ హ్యుంగ్ మిన్ టాటెన్‌హామ్‌కి గోల్ కొట్టాడు, హాఫ్‌టైమ్ ముందు గాక్పో సమం చేసాడు, తర్వాత లివర్‌పూల్‌కి ఇంకో రెడ్ కార్డ్ పడి తొమ్మిది మందయ్యారు, చివరికి 96వ నిమిషంలో మాటిప్ సెల్ఫ్ గోల్‌తో 2-1 ఓటమి.

రెఫరీల సంస్థ పీజీఎంఓఎల్ అదే రాత్రి పెద్ద మానవ తప్పిదం జరిగిందని ఒప్పుకుంది, మూడు రోజులకి ఆడియో బయటపెట్టింది. దాన్ని విన్నవాళ్ళకి అందులో పక్షపాతం ఎక్కడా వినపడదు, తొందర వినపడుతుంది. అంతమంది మాట్లాడుకున్నారు గానీ ‘ఫైనల్ డిసిజన్, గోల్’ అనే మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మన రైల్వేలో పక్కపక్క స్టేషన్ మాస్టర్లు లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ప్రైవేట్ నంబర్లు మార్చుకుంటారు, ఒకరు చెప్పింది ఇంకొకరికి సరిగ్గా చేరిందా లేదా అనే అనుమానానికి చోటు లేకుండా. కోట్ల పౌండ్లు తిరిగే లీగ్‌లో అలాంటి చిన్న ఏర్పాటు నాలుగేళ్ళ పాటు లేదు. ఈ గొడవ తర్వాతే, వీఏఆర్ తన నిర్ణయాన్ని ముందు పక్కనున్న అసిస్టెంట్‌తో ఖాయం చేసుకుని ఆ తర్వాతే మైదానానికి చెప్పాలని కొత్త పద్ధతి పెట్టారు.

‘స్పష్టమైన తప్పు’ అంటే ఎంత తప్పు?

డియాజ్ కేసు నిజానికి తేలికైన రకం, ఎందుకంటే అక్కడ ఏది కరెక్టో అందరూ ఒప్పుకున్నారు. కష్టమైన రకం ఫౌల్స్, హ్యాండ్‌బాల్స్.

వీఏఆర్ 2018లో ఆట నియమాల్లోకి వచ్చింది, అదే ఏడాది రష్యా వరల్డ్ కప్‌లో వాడారు, ప్రీమియర్ లీగ్‌లోకి 2019-20 సీజన్‌లో అడుగుపెట్టింది. గోల్స్, పెనాల్టీలు, డైరెక్ట్ రెడ్ కార్డులు, ఒకరి కార్డ్ ఇంకొకరికి ఇవ్వడం, ఈ నాలుగింట్లోనే అది కలగజేసుకోవాలని అప్పుడు రూల్ పెట్టారు, అది కూడా మైదానంలో ఇచ్చింది స్పష్టంగా, ఎవరికైనా కనపడేంత తప్పు అయితేనే. ఆఫ్‌సైడ్‌కి లైన్ ఉంటుంది కాబట్టి కొలవచ్చు. ఒక టాకిల్ ఎంత మోటుగా ఉందో ఏ లైన్‌తో కొలుస్తారు?

క్రికెట్ చూసేవాళ్ళకి డీఆర్ఎస్‌తో పోలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. అంపైర్స్ కాల్ మీద మన దగ్గర ఎంత తిట్టుకున్నా, అక్కడ ఒక లెక్క ఉంది, బంతిలో సగం కంటే తక్కువ వికెట్ల పరిధికి తగిలేలా ఉంటే అంపైర్ చెప్పిందే నిలబడుతుంది, అది స్క్రీన్ మీద ఇంట్లో కూర్చున్న పిల్లాడికి కూడా కనపడుతుంది. ప్రీమియర్ లీగ్ 2024-25 సీజన్ నుంచి సరిగ్గా ఇదే ధోరణిలో ‘రెఫరీస్ కాల్’ అనే మాట వాడకంలోకి తెచ్చింది, మైదానంలో ఇచ్చిన నిర్ణయానికి ఎక్కువ విలువ ఇద్దామని. పేరు క్రికెట్‌ని పోలి ఉంది గానీ సగం బంతి లాంటి గీత దాని వెనక లేదు. ఈ వారం వదిలేసిన టాకిల్‌కి వచ్చే వారం రెడ్ కార్డ్ పడితే రెండూ రూల్ ప్రకారమే అని చెప్పుకోవచ్చు. ఫ్యాన్స్ కోపమంతా దీని మీదే, అది న్యాయమైన కోపమే.

2025 జనవరి 25న వుల్వ్స్‌తో మ్యాచ్‌లో ఆర్సెనల్ కుర్రాడు మైల్స్ లూయిస్ స్కెల్లీకి మైకేల్ ఆలివర్ రెడ్ కార్డ్ ఇచ్చాడు, వీఏఆర్ చూసి సరే అంది, తర్వాత అప్పీల్‌లో ఆ కార్డ్‌ని కొట్టేసారు. అంటే రీప్లేలు చూసిన ఒక రూమ్ ఒకటంది, అవే రీప్లేలు చూసిన ఇంకో కమిటీ దానికి ఉల్టా చెప్పింది. ఈ మధ్యలో ఆలివర్‌కి వచ్చిన బెదిరింపుల మీద పోలీసులు విచారణ పెట్టాల్సి వచ్చింది, అది ఏ లెక్కన చూసినా సిగ్గుపడాల్సిన విషయం.

లీగ్ చెప్పే అంకె ఒకటుంది, కీలక నిర్ణయాల్లో కరెక్ట్ అయినవి వీఏఆర్‌కి ముందు 82 శాతం, వచ్చాక 96 శాతం. ఆ అంకెని కాదనాల్సిన పని లేదు, కాకపోతే మిగిలిన 4 శాతం బరువు మారిపోయింది. పాత రోజుల్లో రెఫరీకి ఒక్క చూపే, పక్కన ఆటగాడు అడ్డొచ్చాడేమో అని సర్దుకునేవాళ్ళు. ఇప్పుడు పది కోణాల్లో స్లో మోషన్‌లో చూసి కూడా తప్పు చేస్తే దానికి సాకు లేదు, సాకు లేని చోట జనం ఉద్దేశం వెతుకుతారు.

మైదానంలోనూ వాళ్ళే, రూమ్‌లోనూ వాళ్ళే

2022 ఆగస్ట్ 14, చెల్సీ సొంత మైదానంలో టాటెన్‌హామ్‌తో ఆడుతోంది, ఆట చివరికొచ్చేసింది, చెల్సీ 2-1తో ముందుంది. కార్నర్ కిక్ దగ్గర టాటెన్‌హామ్ డిఫెండర్ రొమేరో, చెల్సీ ఆటగాడు కుకురెయా జుట్టు పట్టుకుని లాగి కింద పడేసాడు. వీఏఆర్‌గా ఉన్నది మైక్ డీన్, మైదానంలో ఆంథోనీ టేలర్. రీప్లే చూసుకోమని డీన్ ఆయన్ని మైదానం పక్కనుండే మానిటర్ దగ్గరికి పిలవలేదు. దాని తర్వాత వచ్చిన ఇంకో కార్నర్‌కి హ్యారీ కేన్ హెడర్ కొట్టాడు, 2-2. ఆట అయ్యాక ఇద్దరు కోచ్‌లూ కలబడి ఇద్దరూ రెడ్ కార్డ్ తెచ్చుకున్నారు.

ఏడాది తర్వాత, రిటైర్ అయ్యాక, డీన్ ఒక పాడ్‌కాస్ట్‌లో అసలు సంగతి చెప్పాడు. టేలర్ తనకి స్నేహితుడు, అప్పటికే ఆ మ్యాచ్‌లో తల బొప్పి కట్టి ఉన్నాడు, ఇంకో తలనొప్పి తెచ్చిపెట్టడం ఎందుకని పిలవలేదన్నాడు. ఇందులో లంచం లేదు, ఏ క్లబ్బు మీదా ప్రేమ లేదు, ఉన్నదల్లా సాటి ఉద్యోగి మీద జాలి. ఆ జాలితో ఒక మ్యాచ్ ఫలితం మారిపోయి ఉండొచ్చు.

ఇది డీన్ ఒక్కడి మెతకతనం అనుకుంటే పొరపాటు. ప్రీమియర్ లీగ్ స్థాయి రెఫరీలు ఇరవై మంది అటూ ఇటూగా ఉంటారు, ట్రైనింగ్ క్యాంపుల్లో కలిసి ఉంటారు, ఈ శనివారం మైదానంలో ఉన్నవాడు ఆదివారం వీడియో రూమ్‌లో ఉంటాడు. ఈ వారం తోటివాడి తప్పు ఎత్తిచూపినవాడి తప్పుని వచ్చే వారం ఆ తోటివాడే చూస్తాడు. దీనికి తోడు తప్పు చేసినవాళ్ళకి తర్వాతి వారం మ్యాచ్ ఇవ్వకుండా పక్కన పెట్టడం, కింది డివిజన్‌కి పంపడం అనే శిక్ష ఉంది, కాబట్టి ఒక్కో మానిటర్ పిలుపూ సాటివాడి వచ్చే వారం పని మీద ప్రభావం చూపిస్తుంది. ఇలాంటి చోట ఎవరున్నా చేతులు వెనక్కే లాగుతాయి. వీడియో పని మాత్రమే చేసేవాళ్ళని విడిగా తయారుచేయాలి అనే వాదన ఇక్కడి నుంచే వచ్చింది, అందులో చాలా బలముంది. మైదానంలో తొంభై నిమిషాలు పరిగెత్తే ఒంటి దమ్ము వేరు, ఎనిమిది స్క్రీన్ల ముందు కూర్చుని పది సెకన్లలో తేల్చే నేర్పు వేరు, ఒకటి బాగా వచ్చినవాడికి రెండోది వచ్చి తీరాలని లేదు.

జీతం ఎవరిస్తారు, అనుమానం ఎక్కడ మొదలవుతుంది

2001 దాకా ఇంగ్లండ్ టాప్ రెఫరీలు కూడా వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతంలో విజిల్ పట్టినవాళ్ళే. ఆ ఏడాది వాళ్ళని ఫుల్‌టైమ్ చేసి పీజీఎంఓఎల్ పెట్టారు. దానికి డబ్బు పెట్టేది ప్రీమియర్ లీగ్, దాని కింది డివిజన్ల ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్, ఫుట్‌బాల్ అసోసియేషన్, ఈ మూడూ. ప్రీమియర్ లీగ్ అంటే ఇరవై క్లబ్బులే వాటాదారులుగా ఉన్న కంపెనీ. సూటిగా చెప్పాలంటే తీర్పు చెప్పించుకునేవాళ్ళే తీర్పరులకి జీతం ఇస్తున్నారు. ఇరవై మందీ కలిసి ఇస్తారు కాబట్టి ఒక్కరి మాట చెల్లదు అనేది దీనికి సమాధానం, అది చాలావరకు నిజం కూడా, కానీ ఓడిన రోజు ఏ క్లబ్బుకీ అది గుర్తుండదు.

2024 ఏప్రిల్ 21న ఎవర్టన్ చేతిలో 2-0తో ఓడిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేసింది చూడండి. మూడు పెనాల్టీలు రావాల్సింది ఇవ్వలేదని, పైగా వీఏఆర్‌గా ఉన్న స్టువర్ట్ ఆట్‌వెల్ లూటన్ అభిమాని అనీ, వద్దని ముందే చెప్పినా మార్చలేదనీ సోషల్ మీడియాలో క్లబ్బు అధికారిక ఖాతా నుంచే పోస్ట్ పెట్టింది. ఆ సీజన్‌లో లూటన్, ఫారెస్ట్ రెండూ కింది డివిజన్‌కి జారిపోకుండా పోరాడుతున్న జట్లు. మన ఇంటర్ ప్రాక్టికల్స్‌కి బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చినట్టే, రెఫరీలు తమ అభిమాన క్లబ్బు ఏదో ముందే చెప్పాలి, ఆ క్లబ్బు మ్యాచ్‌లు వాళ్ళకి ఇవ్వరు. కానీ ఆ క్లబ్బుకి పాయింట్ల పట్టికలో పోటీగా ఉన్న ఇంకో జట్టు మ్యాచ్ సంగతేంటి అనే ప్రశ్న ఫారెస్ట్ లేవనెత్తింది, అది పట్టించుకోవాల్సిన ప్రశ్నే. దాన్ని అడిగిన తీరు మాత్రం ఒక మనిషి నిజాయితీ మీద నేరుగా బురద చల్లడమే, అందుకే అదే ఏడాది అక్టోబర్‌లో 7 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా పడింది.

డియాజ్ కేసులో ఉన్న డారెన్ ఇంగ్లండ్, అసిస్టెంట్ వీఏఆర్ డాన్ కుక్, ఆ మ్యాచ్‌కి రెండు రోజుల ముందు యూఏఈలో ఒక లీగ్ మ్యాచ్‌లో పనిచేసి వచ్చారని తర్వాత తెలిసింది. సంస్థ అనుమతితోనే వెళ్ళారు, దాంట్లో దాచిందేమీ లేదు. కానీ మాంచెస్టర్ సిటీ యజమాని యూఏఈ ఉపాధ్యక్షుడు, న్యూకాజిల్ సౌదీ ప్రభుత్వ నిధి చేతిలో ఉంది, 2023 ఏప్రిల్‌లో మైకేల్ ఆలివర్ సౌదీ లీగ్‌లో అల్ హిలాల్, అల్ నాసర్ మ్యాచ్ ఆడించి వచ్చాడు. ఎవరూ తప్పు చేయకపోయినా, లీగ్‌లో పోటీపడే క్లబ్బుల యజమానుల దేశాల నుంచి రెఫరీలకి ఫీజు వస్తోందంటే మామూలు అభిమాని ఏమనుకుంటాడు? అలసట సంగతి దానికి అదనం. ఆ గొడవ తర్వాతే ఇలాంటి ప్రయాణాల విధానాన్ని మళ్ళీ చూస్తామన్నారు.

ఇక వీఏఆర్‌ని తీసేద్దాం అని వుల్వ్స్ క్లబ్బు 2024లో ప్రతిపాదన పెట్టింది. వారం వారం తిట్టే ఇరవై క్లబ్బులు జూన్ 6న ఓటేస్తే 19-1, వుల్వ్స్ ఒక్కటే మిగిలింది. తమకి అన్యాయం చేసిందని అందరూ అంటారు, అది లేకుండా ఆడటానికి ఎవరూ సిద్ధంగా లేరు. స్వీడన్ క్లబ్బులు మాత్రం ఫ్యాన్స్ మాట విని అసలు దగ్గరికే రానివ్వలేదు. నార్వేలో క్లబ్బులు 2025 జనవరిలో వద్దని తేల్చినా మార్చ్‌లో అక్కడి ఫెడరేషన్ ఉంచాలనే నిర్ణయించింది.

ఎవరు ఏ మ్యాచ్‌కి అనేదే అసలు అధికారం

మ్యాచ్ మొదలవక ముందే జరిగే ఒక పని ఉంది, ఏ మ్యాచ్‌కి ఏ రెఫరీని పంపాలి అనేది. ఫుట్‌బాల్ చరిత్రలో అతి పెద్ద రెఫరీ కుంభకోణం దీని చుట్టూనే తిరిగింది. 2006లో ఇటలీలో బయటపడిన కాల్చోపోలి అనే ఆ కుంభకోణంలో, యువెంటస్ క్లబ్బు జనరల్ మేనేజర్ లూచానో మొజ్జి రెఫరీల్ని కేటాయించే అధికారులతో ఫోన్లలో మాట్లాడుతూ ఎవరు రావాలో ప్రభావితం చేసాడని తేలింది. డబ్బుల సంచులు చేతులు మారిన కథ కాదిది, ఫోన్ సంబంధాల కథ. రెఫరీకి నేరుగా ఏమీ చెప్పక్కర్లేదు, మంచి మ్యాచ్‌లు ఎవరి దయ వల్ల వస్తాయో అతనికి తెలిస్తే చాలు. యువెంటస్ రెండు టైటిల్స్ పోగొట్టుకుని, పాయింట్ల కోతతో సహా రెండో డివిజన్‌కి దిగిపోయింది.

స్పెయిన్‌లో 2023 ఫిబ్రవరిలో మొదలైన నెగ్రేరా వ్యవహారం ఇంకా ఎవరినీ నిద్రపోనివ్వడం లేదు. రెఫరీల టెక్నికల్ కమిటీకి 1994 నుంచి 2018 దాకా ఉపాధ్యక్షుడిగా ఉన్న హోసే మరియా ఎన్రీకెజ్ నెగ్రేరాకి చెందిన కంపెనీలకి బార్సిలోనా క్లబ్బు 2001 నుంచి 2018 మధ్య 70 లక్షల యూరోలకి పైనే చెల్లించింది. రెఫరీల తీరు మీద టెక్నికల్ రిపోర్టుల కోసం ఇచ్చామని, ఏ తప్పూ చేయలేదని బార్సిలోనా అంటోంది. ఫలానా మ్యాచ్‌ని కొనేసారు అని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. అయినా కమిటీలో రెండో స్థానంలో ఉన్న మనిషికి పదిహేడేళ్ళు ఒక క్లబ్బు డబ్బు కట్టిందంటే, ఆ పదిహేడేళ్ళలో జరిగిన ప్రతి నిర్ణయాన్నీ ఫ్యాన్స్ వెనక్కి తిప్పి చూస్తున్నారు, నిజాయితీగా పనిచేసిన రెఫరీలు కూడా ఆ నీడలోనే ఉండిపోయారు.

దాన్ని రియల్ మాడ్రిడ్ ఇంకో దారిలో వాడుకుంది. 2025 ఫిబ్రవరిలో ఎస్పాన్యోల్ చేతిలో ఓడాక రెఫరీ వ్యవస్థ మొత్తం పరువు పోగొట్టుకుందని అధికారికంగా లేఖ రాసింది, సొంత టీవీ ఛానెల్‌లో రాబోయే మ్యాచ్ రెఫరీ పాత తప్పుల్ని ఏరి వీడియోలు వేస్తోంది. ఏప్రిల్ 26న బార్సిలోనాతో స్పెయిన్ కప్ పోటీ కోపా డెల్ రే ఫైనల్, దాని ముందు రోజు రెఫరీ రికార్డో డి బుర్గోస్ బెంగోచెయా ప్రెస్ మీట్‌లో కూర్చుని, మీ నాన్న దొంగ అని స్కూల్లో పిల్లలంటే తన కొడుకు ఏడుస్తూ ఇంటికొచ్చాడని చెప్తూ తనూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మాడ్రిడ్ ఆ రోజు ఫైనల్ ముందు జరగాల్సిన అధికారిక కార్యక్రమాల్ని బహిష్కరించింది. ఇక్కడ పనిచేసే లెక్క సులువైనదే, ముందే ఒత్తిడి పెడితే యాభై యాభై నిర్ణయం వచ్చినప్పుడు రెఫరీ రెండోసారి ఆలోచిస్తాడు. క్రికెట్‌లో 2008 సిడ్నీ టెస్ట్ తర్వాత మన బోర్డు ఒత్తిడి మీద స్టీవ్ బక్నర్‌ని తర్వాతి టెస్ట్ నుంచి తప్పించింది మనకి గుర్తుండే ఉంటుంది, ఆయన తప్పులు చేసాడన్నది నిజం, బలమైన బోర్డు అడిగితే అంపైర్ మారతాడన్నదీ ఆ రోజు తేలిన నిజమే.

టెస్ట్ క్రికెట్‌లో 2002 నుంచి ఇద్దరు అంపైర్లూ తటస్థ దేశాల నుంచి వచ్చే పద్ధతి పెట్టి ఈ గొడవని చాలావరకు తగ్గించారు. దేశంలో జరిగే ఫుట్‌బాల్ లీగ్‌కి ఆ సౌకర్యం లేదు. 2025 ఫిబ్రవరిలో ఇస్తాంబుల్ డెర్బీకి, అంటే ఒకే ఊరి రెండు జట్ల మ్యాచ్‌కి, స్లొవేనియా రెఫరీని తెప్పించారు, కైరోలో అయితే మార్చ్‌లో విదేశీ రెఫరీ లేడని అల్ అహ్లీ జట్టు జమాలెక్‌తో మ్యాచ్‌కి రానే లేదు. ఒకసారి బయటివాడిని పిలిస్తే ఇంటివాడి మీద నమ్మకం లేదని దేశమంతా చాటినట్టే, తర్వాత ఆ ఇంటివాడు మామూలు మ్యాచ్ ఆడించడం కూడా కష్టమైపోతుంది.

కుట్ర లేకపోయినా తూకం వంగుతుంది

స్పానిష్ లీగ్ మీద ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనంలో, సొంత మైదానంలో ఆడే జట్టు ఒక్క గోల్ తేడాతో వెనకబడి ఉంటే ఇంజురీ టైమ్ ఎక్కువగా, ముందుంటే తక్కువగా ఇస్తున్నారని తేలింది. కోవిడ్ కాలంలో ఖాళీ స్టేడియంలలో ఆడినప్పుడు బయటి జట్టుకి పడే ఎల్లో కార్డులు తగ్గాయని పలు అధ్యయనాలు చెప్పాయి. రెఫరీ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, అరవై వేల గొంతులు ఒకేసారి అరిస్తే మనిషి చెవులు పనిచేసే తీరే అంత. పెద్ద క్లబ్బుకి పెద్ద స్టేడియం, పెద్ద మీడియా ఉంటాయి కాబట్టి ఈ వంపు ఎప్పుడూ వాళ్ళ వైపే కాస్త ఎక్కువ.

మన ఐఎస్ఎల్ సంగతి

2023 మార్చ్ 3, బెంగళూరు కంఠీరవ స్టేడియం, నాకౌట్ మ్యాచ్. తొంభై నిమిషాలకి 0-0. ఎక్స్‌ట్రా టైమ్‌లో బాక్స్ బయట బెంగళూరుకి ఫ్రీకిక్ వచ్చింది. కేరళ బ్లాస్టర్స్ గోలీ ప్రభ్‌సుఖన్ గిల్ బంతికి అడ్డంగా నిలబెట్టే ఆటగాళ్ళ గోడని ఇంకా సర్దుకుంటున్నాడు, సునీల్ ఛెత్రి టక్కున కొట్టేసాడు, బంతి వలలో పడింది, రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ ఆటగాళ్ళందరినీ బయటికి పిలిచేసాడు, ఇక ఆట సాగలేదు, మ్యాచ్ బెంగళూరుకి ఇచ్చేసారు. ఫెడరేషన్ కేరళకి 4 కోట్ల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం వేసింది.

రూల్ ప్రకారం ఫ్రీకిక్ విజిల్ కోసం ఆగకుండా కొట్టొచ్చు, కానీ రెఫరీ గోడని పది గజాలు జరపడం లాంటి పనిలోకి దిగితే అప్పుడు విజిల్ వచ్చేదాకా ఆగాలి. గొడవంతా రెఫరీ ఆ పనిలోకి దిగాడా లేదా అనే దగ్గరే. అది రెఫరీకీ ఆ దగ్గరున్న ఆటగాళ్ళకీ తప్ప స్టేడియంలో ఎవరికీ తెలియదు, ఆ రోజు ఎవరూ జనానికి వివరించనూ లేదు. వాకౌట్ చేయడం తప్పే, శిక్ష పడాల్సిందే. అయినా లక్షల మంది చూసే లీగ్‌లో అంత కీలకమైన నిర్ణయం గురించి ఒక్క మాట మైక్‌లో చెప్పే ఏర్పాటు లేకపోవడం అంతకంటే చిన్న తప్పేమీ కాదు.

ఐఎస్ఎల్‌లో వీఏఆర్ లేదు, అడ్డు ఖర్చే. ప్రతి మైదానంలో సరిపడా కెమెరాలు, ట్రైనింగ్ ఉన్న మనుషులు, లైసెన్స్ ఉన్న సాంకేతికత, అన్నీ కావాలి. మన రెఫరీల్లో చాలామందికి ఇప్పటికీ వేరే ఉద్యోగమే బువ్వ పెడుతుంది, 2001కి ముందు ఇంగ్లండ్ ఉన్న చోటే మనం ఇప్పుడున్నాం. హైదరాబాద్‌కి ఈ పనిలో మంచి వారసత్వమే ఉంది, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న సయ్యద్ షాహిద్ హకీం తర్వాత ఫిఫా బ్యాడ్జ్ రెఫరీ అయ్యాడు, ఆయన తండ్రి మన గొప్ప కోచ్ ఎస్.ఎ. రహీం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ట్రోఫీ ఎత్తింది, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బు పోతే ఫ్యాన్స్ బాధపడతారని అందరికీ తెలుసు, ఆ ఊరి కుర్ర రెఫరీలకి దగ్గర నుంచి చూసి నేర్చుకునే పెద్ద మ్యాచ్‌లు కూడా పోతాయి.

ఇప్పుడు మారుతున్నవి

ఆఫ్‌సైడ్ గొడవ దాదాపు తీరిపోయే దారిలో ఉంది. 2025 ఏప్రిల్ 12 నుంచి ప్రీమియర్ లీగ్ సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ వాడుతోంది, లైన్ మనిషి గీయక్కర్లేదు. 2022 డిసెంబర్‌లో రెఫరీల బాధ్యత తీసుకున్న హోవర్డ్ వెబ్, ఎంచిన ఆడియోల్ని టీవీలో వినిపించి తప్పుల్ని ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. వినిపించేవి ఏవో ఎంచేది సంస్థే కదా అనే లోటు ఉన్నా, పాత మౌనం కంటే ఇది చాలా నయం. 2023 మహిళల వరల్డ్ కప్‌లో రెఫరీలు రివ్యూ తర్వాత నిర్ణయాన్ని స్టేడియం మైక్‌లో చెప్పారు, ఆ పద్ధతి తర్వాత ఇంగ్లండ్‌కీ వచ్చింది.

మనలాంటి లీగులకి పనికొచ్చేది ఇంకోటి ఉంది, ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అని ఫిఫా 2024లో మహిళల అండర్-20 వరల్డ్ కప్‌లో ట్రయల్ చేసింది. ఇందులో విడిగా వీఏఆర్ రూమ్ ఉండదు, ఒక్కో కోచ్‌కి రెండు రిక్వెస్టులు ఉంటాయి, డీఆర్ఎస్ లాగే. కోచ్ అడిగితే మైదానంలో ఉన్న రెఫరీయే వెళ్ళి మానిటర్‌లో చూసుకుని తేలుస్తాడు. కెమెరాలు తక్కువైనా నడుస్తుంది, సాటి రెఫరీ మీద జాలిపడే వీడియో రెఫరీ మధ్యలో ఉండడు, ఎప్పుడు అడగాలి అనే బరువు కోచ్ నెత్తిన పడుతుంది. కంఠీరవలో ఆ రాత్రి ఇలాంటిది ఉండి ఉంటే, వుకొమనోవిచ్ చేయి ఊపి ఆటగాళ్ళని బయటికి పిలిచే బదులు ఒక రిక్వెస్ట్ వాడుకుని, రెఫరీ మానిటర్ దగ్గరికి వెళ్ళి వచ్చేదాకా టచ్‌లైన్ దగ్గర నిలబడి ఉండేవాడు.